చందా కాదు, పద్దు కావాలె



పోస్టు కొంచెం పెద్దగా ఉంటది. తీరికగా చదవండి. చదివినంక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగంలో ఆపి తిట్టకండి.

విషయం డబ్బు. వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల తండాల్లో మన యూత్ సంఘాలు, గుడి కమిటీలు, సాయంత్రం పిల్లలకు ట్యూషన్ చెప్పే డిగ్రీ పిల్లల గుంపులు ఎట్ల నడుస్తున్నయి? ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి వస్తున్నదంటే జనవరిలోనే ఫోన్లు మొదలైతయి. "అన్నా, ఈసారి టెంటు మీది. అన్నా, భోజనాలు ఎవరికి చెప్పాలె." తీజ్ అయినా, క్రికెట్ టోర్నమెంటు అయినా అంతే. నాయకుడు ఇస్తడు. ఫ్లెక్సీ మీద నాయకుని ఫోటో పెద్దగా, సేవాలాల్ మహరాజ్ ఫోటో చిన్నగా పడతది. ఇచ్చింది ఐదు వేలు కావచ్చు, పది వేలు కావచ్చు. ఆ తర్వాత ఏడాది పొడుగునా తండా బోరు చెడిపోయినా, హాస్టల్‌లో అన్నం బాగలేకపోయినా ఆ నాయకుని ముందు మన గొంతు పెకలదు. పది వేలకు మన గొంతు చాలా అగ్గువ కదా.

అందుకని మా మాట ముందే చెప్పేస్తున్నం. నాయకుడు జేబులో నుంచి తీసి ఇచ్చేది చందా. దానికి మనం దండం పెట్టాలె. పంచాయతీ బడ్జెట్‌లో, మున్సిపాలిటీ బడ్జెట్‌లో ఒక పద్దు రాసి, ఫలానా తేదీలోపు అడగండి అని నోటీసు వేసి, ఎవరికి ఎంత ఇచ్చిండ్రో గోడ మీద అతికిస్తే, దానికి దండం పెట్టే పని లేదు, లెక్క చెప్తే చాలు. మన సంఘాలు ఇప్పటిదాకా మొదటిదాని వెంట పడుతున్నయి. ఇక రెండోది అడగాలె.

"పంచాయతీల పైసలు ఎక్కడున్నయి అన్నా" అని అడిగేటోళ్ళు ఉంటరు. నిజమే, మొన్నటి దాకా లేవు. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం అయిపోయింది, ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. 2025 డిసెంబర్‌లో ఎన్నికలు అయ్యేదాకా, అంటే దాదాపు రెండేళ్ళు, మన తండాల్లో ఎన్నికైన మనిషి లేడు. ఎన్నికైన పాలకవర్గం లేదని 15వ ఆర్థిక సంఘం నిధులు కూడా ఆగినయి. చాలాచోట్ల ట్రాక్టర్ డీజిలుకు సెక్రటరీలే చేతి నుంచి పెట్టుకున్నరని పేపర్లలో చదివినం. ఇప్పుడు కొత్త సర్పంచులు వచ్చిండ్రు. వాళ్ళలో చాలామంది మన వయసోళ్ళు, మనతో హాస్టల్‌లో చదివినోళ్ళు. అడగడానికి ఇంతకన్న మంచి టైము ఉండదు.

తండాలు పంచాయతీలు ఎట్లయినయో చిన్నోళ్ళకు తెల్వకపోవచ్చు. 2018 చట్టంతో ఐదు వందల జనాభా ఉన్న తండాలను, గూడేలను విడి పంచాయతీలు చేసిండ్రు. రాష్ట్రం మొత్తం మీద 1,177 అయినయి. 'మా తండాలో మా రాజ్యం' అని మన పెద్దలు ఏండ్ల తరబడి అడిగింది వచ్చింది. రాజ్యమైతే వచ్చింది, ఖజానా రాలేదు. ఇంటి పన్ను తప్ప ఇంకో ఆదాయం లేని తండాలే ఎక్కువ. పెద్ద ఊర్లో దుకాణాలుంటయి, సంత ఉంటది, వేలం ఉంటది. తండాలో ఏముంటది? కాబట్టి మనకు వచ్చేదంతా పైనుంచి వచ్చే గ్రాంటే. 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే పెట్టాలని కట్టేసి ఉంటది. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడొచ్చు, జీతాలకు వాడొద్దు. ఆ 40 శాతంలో 'స్థానిక అవసరం' ఏందో తేల్చాల్సింది గ్రామసభ. గ్రామసభ రెండు నెలలకొకసారి పెట్టాలని చట్టం. మీ తండాలో పోయిన గ్రామసభ ఎప్పుడు జరిగిందో గుర్తుందా? సంతకాల పుస్తకం ఇంటింటికీ తిరిగితే అది గ్రామసభ కాదు.

ఇంకో సంగతి. అదే 2018 చట్టం ప్రతి పంచాయతీకి ముగ్గురు కో-ఆప్షన్ సభ్యులను పెట్టమన్నది. ఒకరు గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు. ఇంకొకరు రిటైరైన ఉద్యోగి గాని, సీనియర్ సిటిజన్ గాని. మూడో మనిషి దాత, అంటే ఊరి అభివృద్ధికి విరాళం ఇచ్చినోళ్ళు. చూడండి, పైసలు ఇచ్చినోనికి కుర్చీ ఉన్నది. రోజూ సాయంత్రం ముప్పై మంది పిల్లలకు ఎక్కాలు చెప్పే బీఈడీ చెల్లెకు కుర్చీ లేదు. దాతలంటే మాకు కోపం లేదు. కానీ చట్టం రాసినోళ్ళ మనసులో కూడా ఊరికి మేలు చేయడమంటే డబ్బు పెట్టడమే అన్నట్టు ఉన్నది.

మున్సిపాలిటీల్లో ఈ విషయంలో చట్టం కొంచెం మేలు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలుండాలె, ఒక్కోదాంట్లో 15 మంది. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్దవాళ్ళకు ఒకటి, ఊర్లో పేరున్నోళ్ళకు ఒకటి. తాండూరు, వికారాబాద్, పరిగి, కొడంగల్ పట్నాల్లో రూములు తీసుకొని చదువుకునే మనోళ్ళు వందల మంది ఉన్నరు. మీ వార్డు యూత్ కమిటీలో ఎవరున్నరో మున్సిపల్ ఆఫీసులో ఒకసారి అడిగి చూడండి. ఆ పదిహేను పేర్లు చదివితే చాలా సంగతులు అర్థమైతయి.

ఇప్పుడు అసలు సంగతికొస్తం. ప్రభుత్వ డబ్బు తండాకు వచ్చినప్పుడు అది దాదాపు ఎప్పుడూ గోడ రూపంలోనే వస్తది. కమ్యూనిటీ హాలు, భవన్, సీసీ రోడ్డు, ప్రహరీ. ఎందుకు? గోడ కడితే ఎస్టిమేట్ ఉంటది, ఎంబీ రికార్డు ఉంటది, కాంట్రాక్టర్ ఉంటడు, శిలాఫలకం ఉంటది, రిబ్బన్ కట్ చేసే మనిషి ఉంటడు. అందరికీ ఏదో ఒకటి దొరుకుతది. అదే హాలులో రోజూ ట్యూబులైటు వెలిగి, రెండు పేపర్లు పడి, పది కుర్చీలుండి, పిల్లలు కూర్చొని చదివితే ఎవరికేం దొరుకుతది? పిల్లలకు చదువు దొరుకుతది, అంతే. దానికి బిల్లు పెట్టేటోడు లేడు. అందుకే తండా హాలుకు తాళం ఉంటది, తాళంచెవి ఒకాయన మొలతాడుకు ఉంటది. లోపల ఎవరివో వడ్ల సంచులుంటయి, లేకపోతే పోయిన ఎన్నికల జెండా కర్రలుంటయి.

క్రీడా ప్రాంగణాల సంగతి చూడండి. 2022 జూన్‌లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణం అని మొదలుపెట్టిండ్రు. బోర్డు పాతిండ్రు, కబడ్డీ, ఖోఖో కోర్టులకు జాగ గీసిండ్రు. ఆలోచన మంచిదే. కానీ తర్వాత ఏడాదికి నాలుగుసార్లు గడ్డి కోయించేటందుకు, నెట్టు మార్చేటందుకు, సున్నం గీసేటందుకు ఎవరికి ఎంత ఇస్తరు? ఆ బాధ్యతను తండా యూత్ సంఘానికి రాతపూర్వకంగా అప్పజెప్పి, ఏడాదికి పదో పదిహేనో వేలు ఇస్తే, అది గ్రాంటు అయితది. నెట్టు పోతే సంఘాన్ని అడుగొచ్చు. ఇప్పుడు ఎవరిని అడుగుతం? సర్కారు తుమ్మను అడగాలె.

మా లెక్క ఒకటి వేసినం. తండాలో ఒక చదువుల గది నడపాలంటే రెండు తెలుగు పేపర్లు, ఒక ఇంగ్లిష్ పేపరు, కరెంటు బిల్లు, ఊడ్చే అవ్వకు కొంత, నెలకొక కాంపిటీషన్ పుస్తకం కలిపితే నెలకు మూడు వేలు దాటదు. ఏడాదికి ముప్పై ఆరు వేలు. ఆ గది ఉంటే గ్రూప్-4, కానిస్టేబుల్, డీఎస్సీకి చదివే పిల్లలు అశోక్‌నగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో రూము కిరాయికి అమ్మానాన్నలు చెరుకు కోతల్లో, పుణెలో, ముంబైలో కష్టపడి పంపిన పైసలు తగలేసే పని కొంతన్నా తప్పుతది. ముఖ్యంగా ఆడపిల్లలకు. వాళ్ళను పట్నం పంపరు, ఇంట్లో చదువుకునే జాగ ఉండదు.

లైబ్రరీ అనగానే ఇంకొకటి గుర్తొచ్చింది. మనలో ఎక్కువమందికి తెల్వదు. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. దాంట్లో గ్రంథాలయ పన్ను అని ఒక ముక్క ఉంటది. ఆస్తి పన్ను ప్రతి రూపాయికి 8 పైసలు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం నుంచి ఇది ఉన్నది. ఇంటి పన్ను ఐదు వందలు కడితే నలభై రూపాయలు లైబ్రరీకి కట్టినట్టు. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా ఆ డబ్బు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాలె. వసూలు చేసినోళ్ళు పంపకుండా బకాయి పెడతరనేది రాష్ట్రమంతా పాత కథే. తండాల్లో మన తాతలు, నాయనలు ఏండ్ల తరబడి ఈ పైసలు కట్టిండ్రు. బదులుగా తండాకు ఒక్క పేపరన్నా వచ్చిందా? కాబట్టి చదువుల గది అడగడమంటే బిచ్చం అడిగినట్టు కాదు. కట్టిన పైసలకు రసీదు చూపించి అడిగినట్టు.

కేరళలో ఈ పని ఎట్ల చేస్తరో చూడండి. అక్కడ ఊరూరా ఉన్న లైబ్రరీల్లో ఎక్కువ భాగం సర్కారు కట్టినవి కావు. ఊరి జనం కమిటీలు వేసుకొని నడిపేవి. 1945లో పి.ఎన్. పణిక్కర్ అనే టీచరు వాటిని ఒక సంఘంగా కలిపిండు. ఇప్పుడు రాష్ట్ర లైబ్రరీ కౌన్సిల్ ఆ లైబ్రరీలను చూసి గ్రేడులు వేస్తది. పుస్తకాలు ఎన్ని, చదివేటోళ్ళు ఎందరు, కార్యక్రమాలు ఏం చేసిండ్రు అని చూస్తది. గ్రేడును బట్టి ఏటా గ్రాంటు. నాయకుని మొహం చూసి కాదు. పని తగ్గితే గ్రేడు తగ్గుతది, గ్రాంటు తగ్గుతది. ఇంగ్లండ్‌లోనైతే లోకల్ కౌన్సిళ్ళు స్వచ్ఛంద సంఘాలకు ఏటా ఎవరికి ఎంత గ్రాంటు ఇచ్చినయో బయటపెట్టాలని 2015 నుంచి నియమమే ఉన్నది. అంతా బంగారమని కాదు. కానీ జాబితా ఉంటే కనీసం కొట్లాడేటందుకు ఒక కాగితం ఉంటది.

తాండూరు వైపు తమ్ముళ్ళకు విడిగా ఒక మాట. మీ దగ్గర సున్నపురాయి ఉన్నది, సిమెంటు ఫ్యాక్టరీలున్నయి, నాపరాయి గనులున్నయి. దుమ్ము మనకు, లారీలు పాడుచేసిన రోడ్డు మనకు. 2015లో గనుల చట్టం మార్చినంక ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు వచ్చింది. పెద్ద ఖనిజాల లీజులున్నోళ్ళు రాయల్టీ కాక దాని మీద ఇంకో 10 శాతమో 30 శాతమో, లీజు ఎప్పటిదో చూసి, ఈ ట్రస్టుకు కట్టాలె. ఆ డబ్బు గనుల వల్ల నష్టపోయిన ఊర్లకు ఖర్చు పెట్టాలె. తాగునీరు, వైద్యం, చదువు లాంటి వాటికి 60 శాతానికి తగ్గొద్దన్నరు, 2024 మార్గదర్శకాల్లో అది 70 అయింది. గ్రామసభలను అడిగి పనులు పెట్టుకోవాలని కూడా ఉన్నది. ఇది పంచాయతీ డబ్బు కన్నా పెద్ద డబ్బు. గని పక్కన తండా ఉండి, ఆ తండా గ్రామసభ ఎన్నడూ ఈ ట్రస్టుకు ఒక తీర్మానం పంపకపోతే, ఆ డబ్బు ఎక్కడికో ఒక దగ్గరికి పోతనే ఉంటది. దానికి కాళ్ళు ఎక్కువ.

ఇప్పుడు మన మాటకు ఎదురు మాట చెప్పుకోవాలె. మా దోస్తు ఒకడు, బాగా ఆలోచించేటోడే, ఇట్ల అన్నడు: "పద్దు, నోటీసు, దరఖాస్తు అంటే కాగితం ఉన్నోనికే డబ్బు పోతది. హైదరాబాద్‌లో ఏసీ రూములో కూర్చున్న ఎన్జీవోకు పాన్ కార్డు ఉన్నది, ఆడిట్ రిపోర్టు ఉన్నది, ఇంగ్లిష్‌లో ప్రాజెక్టు రాసేటోడు ఉన్నడు. మన తండా సంఘానికి రబ్బరు స్టాంపు కూడా లేదు. ఇప్పుడు కనీసం నాయకుని దగ్గరికి పోతే ఐదు వేలన్నా వస్తున్నయి."

ఇది కొట్టిపారేసే మాట కాదు. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సభ్యులు, బైలాలు, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరుగుడు, తర్వాత ఏటేటా కాగితాలు సమర్పించుడు. ఇరవై ఏండ్ల పిల్లలకు అది భారమే. రూలు గట్టిగా రాస్తే గట్టోడే గెలుస్తడు.

కానీ మన అమ్మలను చూడండి. డ్వాక్రా సంఘాలకు సొసైటీ రిజిస్ట్రేషన్ ఉన్నదా? లేదు. 1992లో నాబార్డు బ్యాంకు లింకేజీ మొదలుపెట్టినప్పుడు బ్యాంకు చూసింది ఏంది? పది పదిహేను మంది ఆడోళ్ళు వారం వారం కూర్చుంటున్నరా, పొదుపు కడుతున్నరా, తీర్మానాల పుస్తకం రాస్తున్నరా, అప్పు తిరిగి కడుతున్నరా. అంతే. సంతకం రానోళ్ళు వేలిముద్ర వేసిండ్రు, పుస్తకం మాత్రం తప్పకుండా రాయించిండ్రు. ఆ పుస్తకం చూసి బ్యాంకులు లక్షలు ఇచ్చినయి. అంటే రిజిస్ట్రేషన్ లేని గుంపును నమ్మే పద్ధతి మన దేశంలోనే, మన ఇంట్లోనే ముప్పై ఏండ్ల నుంచి నడుస్తున్నది. ఏడాదికి ఇరవై, ముప్పై వేల లోపు చిన్న గ్రాంటుకు సొసైటీ సర్టిఫికెట్ అడగొద్దు, ఆరు నెలల మీటింగు పుస్తకం, బ్యాంకులో ఇద్దరి పేర ఖాతా, గ్రామసభ తీర్మానం ఉంటే చాలు అని మనం డిమాండు పెట్టొచ్చు. పెద్ద మొత్తానికి పెద్ద కాగితం అడగనీ, తప్పులేదు.

డిగ్రీలు చదివిన మగపిల్లల సంఘాలు ఎన్ని తండాల్లో ఇట్లాంటి పుస్తకం రాస్తున్నయో మీకే తెలుసు. వాట్సాప్ గ్రూపే ఆఫీసు, అధ్యక్షుని ఫోన్‌పేనే ఖజానా. ఆ అధ్యక్షుడు మంచోడే కావచ్చు. కానీ రేపు అతను పెండ్లి చేసుకొని పటాన్‌చెరు పోతే సంఘం డబ్బు ఎంత, ఇంటి డబ్బు ఎంత అని ఎవరు చెప్తరు? మన పాత పద్ధతిలో సీత్లాకో, తీజ్‌కో ఇంటికింత అని వేసుకున్న పైసలు నాయక్ ఇంటి ముందర, కారోబారి నోటితోని అందరూ వినేటట్టు లెక్క చెప్పేటోళ్ళు. మేకకు ఎంత, బెల్లానికి ఎంత, మిగిలింది ఎంత. చదువు రాని పెద్దమనుషులు పాటించిన పద్ధతి అది. దాన్ని పుస్తకంలో రాస్తే చాలు, ఆడిట్ అదే.

సర్పంచ్‌లు అయిన మన అన్నలకు, అక్కలకు కూడా ఒక మాట. సంఘానికి డబ్బు ఇస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తది, రికవరీ పడుతది అని సెక్రటరీ భయపెడతడు. భయం ఉత్తదేం కాదు. చెక్కు మీద మీదీ, ఉప సర్పంచ్‌దీ సంతకాలు, రేపు అడిగేది మిమ్మల్నే. అందుకే నోటి మాటతో ఇవ్వకండి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోనే రాయించండి. 'యువత, చదువు' కింద ఒక పని, దానికి ఇంత, నడిపేది ఫలానా సంఘం, మూడు నెలలకొకసారి గ్రామసభలో లెక్క. ప్రణాళిక ఇ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లోకి ఎక్కుతది కాబట్టి ఎవరైనా చూస్తరు. మీ సొంత తమ్ముని సంఘమైతే ఆ తీర్మానం రోజు మీరు పక్కకు కూర్చోండి. ఇది చెప్తే కోపం వస్తది, తెలుసు. తండా చిన్నది, అందరూ బంధువులే. చుట్టరికం ఉన్నచోటనే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం.

ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి గురించి అడుగుతరని తెలుసు. 2017 చట్టం, ఖర్చు కాని డబ్బు మరుసటి ఏడాదికి కలపాలనే నియమం, అదంతా ఇంకో పెద్ద పోస్టు. ఎంపీ నిధుల్లో 7.5 శాతం ఎస్టీల ప్రాంతాలకు పెట్టాలనేది కూడా అట్లాంటిదే. వికారాబాద్, తాండూరు, పరిగి చేవెళ్ళ పార్లమెంటు కింద, కొడంగల్ మహబూబ్‌నగర్ కింద వస్తయి కాబట్టి రెండు చోట్లా అడగాలె. ఇప్పుడు చేతికి అందే పనితో మొదలుపెడదాం.

ఈ నెలలో ప్రతి తండా నుంచి ఒక్కరు, ఒక్క తెల్ల కాగితం మీద, సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ సెక్రటరీకి దరఖాస్తు పెట్టండి. అడగాల్సినవి నాలుగే. గత మూడేళ్ళలో జరిగిన గ్రామసభల తేదీలు, హాజరు సంతకాల నకలు. అదే కాలంలో ఏదైనా సంఘానికి, కమిటీకి, ఉత్సవానికి పంచాయతీ డబ్బు ఇస్తే ఎవరికి, ఎంత, ఏ తీర్మానంతో. గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత పంపిండ్రు, బకాయి ఎంత. కమ్యూనిటీ హాలు ఉంటే దాని తాళంచెవి ఎవరి పేరు మీద అప్పజెప్పిండ్రు. గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు. మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తాండూరు, వికారాబాద్ పట్నాల్లో ఉన్నోళ్ళు ఇవే ప్రశ్నలు మున్సిపల్ కమిషనర్‌కు పెట్టండి, వార్డు యూత్ కమిటీ పేర్లు కలిపి అడగండి. రెండో కాగితం మీద ముద్ర వేయించుకోవడం మరవొద్దు. తీసుకోమంటే పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

జవాబుకు గడువు 30 రోజులు. పెట్టినోళ్ళు తండా పేరు, పెట్టిన తేదీ గ్రూపులో రాయండి. రోజులు అందరం కలిసి లెక్కపెడదాం.